కాల్ కలవడానికి పట్టిన సమయం

"వచ్చే మార్చికల్లా ఉసిరిమెట్టలో ప్రతి గడపలోనూ ఫోను మోగుతుంది. ఇది మా కంపెనీ మాట."

కొండ కింద టవరుకు కొబ్బరికాయ కొట్టిన రోజున పెద్దాఫీసరు అన్న మాట ఇది. ఆ మార్చి పోయింది. ఇంకో మార్చీ పోయింది. గూడెంవాళ్ళు వేలిముద్రలేసి పంపిన అర్జీకి మాత్రం కంపెనీ నుంచి జవాబొచ్చింది: "ఆ ప్రాంతంలో నూటికి తొంభై ఎనిమిది కాల్స్ కలుస్తున్నాయి. సగటున నాలుగు సెకన్లలో. సమస్య ఏమీ లేదు."

అది చదివి నిరుపమ్ కోపంతో ఊగిపోయాడు. ఫోన్ కంపెనీల నెట్‌వర్క్ పరీక్షించే ఆఫీసులో చేరి ఏడాదైంది. పని నేర్పే మహబూబ్ సాబ్‌ని అందరిలాగే ఉస్తాద్ అంటాడు. మూడు పేజీల ఉత్తరం రాసి ఆయన ముందు పెట్టాడు.

"చూడండి ఉస్తాద్. 'సిగ్నల్ లేని చోట స్వాతంత్ర్యం లేదు! మౌనమే పాలకుల ఆయుధం!' ఈ దెబ్బకి కుర్చీలు కదలాలి."

ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"నినాదాలకి నీ దగ్గర సిగ్నల్ ఫుల్లుగా ఉందిరా. ఈ తొంభై ఎనిమిది, ఈ నాలుగు సెకన్లు, ఎవరు కొలిచారు?"

నిరుపమ్ గొంతు తగ్గింది. "నేనే. కానీ లెక్క తప్పు కాదు ఉస్తాద్! కార్లో ఫోన్లు పెట్టుకుని ఘాట్ రోడ్డంతా తిరిగాం. రెండు వందల కాల్స్..."

"ఉసిరిమెట్టకి రోడ్డుందా?"

లేదు.

ఉస్తాద్ చెప్పులేసుకున్నాడు. "పద."

రెండు గంటలు నడిచారు. గూడెంలో మొదటి ఇంటి గడప మీద సుమిత్ర రాగులు చెరుగుతోంది. ఎనిమిదో నెల. పోయినేడు ఆమె తొలిచూలు బిడ్డ ఈ ఇంట్లోనే పురిట్లో పోయింది. అంబులెన్సుకి ఫోను చెయ్యడానికి మొగుడు కొండెక్కి దిగేసరికే అంతా అయిపోయింది.

ఉస్తాద్ తన గడియారం విప్పి నిరుపమ్ చేతికి కట్టాడు.

"ఈమెకి నొప్పులొచ్చాయి. మన ఆఫీసుకి చెయ్యి. అదే అంబులెన్సు అనుకో."

"ఇక్కడ సిగ్నల్ లేదుగా!"

"మరెక్కడుంది?"

సుమిత్ర చేటతో పైకి చూపించింది. "ఆ బండ మీద బాబూ. ఎక్కి చెయ్యెత్తి పట్టుకోవాల."

"టైం చూసుకో," అన్నాడు ఉస్తాద్. "పరుగెత్తు."

ముళ్ళకి చొక్కా చిరిగింది. రెండుసార్లు జారిపడ్డాడు. దారిపొడవునా తిట్టాడు. ఆ కంపెనీని, ఆ కొబ్బరికాయని, ఆ కారుని, కార్లో ఏసీ వేసుకుని కూర్చుని కాల్స్ లెక్కపెట్టిన తనని. బండ మీద మూడో ప్రయత్నానికి ఆఫీసు ఫోను మోగింది. గడియారం చూసుకున్నాడు.

దిగొచ్చాడు. జేబులోని ఉత్తరం మూడు పేజీలూ చింపేశాడు. రిపోర్టు ఫారం తీశాడు.

స్థలం: వంతాల సుమిత్ర గడప, ఉసిరిమెట్ట.
కాల్ కలవడానికి పట్టిన సమయం: నలభై ఏడు నిమిషాలు.
కొలిచినవారు: నిరుపమ్.

"గడువు?" అన్నాడు ఉస్తాద్.

నిరుపమ్ సుమిత్ర వైపు తిరిగాడు. "కాన్పుకి నీకు ఏ తారీఖు చెప్పారక్కా?"

"ఆగస్టు పద్నాలుగన్నాది నర్సమ్మ."

రాశాడు: ఆగస్టు 14లోగా కంపెనీ నుంచి జవాబు కావాలి.

సుమిత్ర చేట ఆగింది. "పోయినపాలి పదేను రోజుల ముందే నొప్పులొచ్చీసినాయి బాబూ."



నిరుపమ్ కాగితం చిరిగేలా ఆ తారీఖు కొట్టేశాడు. కింద మళ్ళీ రాశాడు.

జూలై 30.