బొమ్మలవంకలో రేవులమ్మ కన్ను తెరిచిన వైనం

పూర్వం, కెంపువీడు పట్నాన్ని సింగమనాయకుడనే పాలెగాడు ఏలే కాలంలో, ఊరి నడుమ పారే వంకకు పేరంటూ లేదు. తూర్పు గుట్టల్లో పుట్టి, కోటగోడను ఒరుసుకుంటూ వచ్చి, అద్దకపు వీధి పెరళ్ల వెనుకగా సాగి, దిగువపేట దాటి ఏట్లో కలిసే ఆ నీటిని జనం వట్టిగా వంక అనేవారు. ఊరికి కీర్తి తెచ్చింది మాత్రం ఆ వంకే. చిరివేరు నుంచి తీసే ఎరుపు ఆ నీటిలో తేలినంత నిండుగా మరెక్కడా తేలదని, రేవుపట్నాల వర్తకులు బండ్లు కట్టుకుని వచ్చి కెంపువీడు బొమ్మల గుడ్డలు కొనుక్కుపోయేవారు.

అద్దకపు వీధివారి ఇలవేల్పు రేవులమ్మ. వంక ఏట్లో కలిసే చోట, నీటి అంచున నిలిచిన నల్లరాతి విగ్రహం ఆమెది. ఏటా శ్రావణమాసపు జాతరకు వీధివారు అమ్మవారి రూపాన్ని గుడ్డ మీద రాసి సమర్పించేవారు. కరక్కాయ రసంలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన నేతగుడ్డ మీద కిరీటం, నగలు, చీర మడతలు అన్నీ దిద్ది, పారే నీటిలో ఉతికి, కళ్లు మాత్రం రాయకుండా వదిలేవారు. జాతరనాడు ఆ గుడ్డను విగ్రహం ముందు పరిచి, వీధిలో పెద్దరికం గల పనిమంతురాలు కసింతో, అంటే బెల్లపు నీళ్లలో ఇనుపతుప్పు ఊరబెట్టి తీసిన నల్లరంగుతో, కనుపాపలు దిద్ది, వంకనీటిలో ఒక్క ముంపు ముంచి పైకెత్తాలి. ఆ కళ్లతోనే అమ్మవారు మళ్లీ జాతర దాకా ఊరిని కనిపెట్టి చూస్తుందని వారి విశ్వాసం.

ఆ పని అప్పట్లో కోనమ్మది. భర్త పోయాక రంగుల కుండలూ కలాలూ తానే చేతబట్టి, మగవారికి పని చెప్పి చేయించిన మనిషి ఆమె. మాట తక్కువ. పనిలో ఒకరు వంక పెట్టే అవకాశం ఎన్నడూ ఇవ్వలేదు.

ఒకానొక ఏట వానలు వెనకబట్టాయి. జాతర వేళకు వంకలో నీరు సన్నగా, చిక్కగా పారుతున్నది. కోనమ్మ ఎప్పటిలాగే కళ్లు దిద్ది గుడ్డను ముంచి ఎత్తింది. కనుపాపలు కరిగి, అమ్మవారి చెంపల మీదుగా నల్లని చారలై జారాయి. ఆమె గుడ్డ ఆరేదాకా కూర్చుని మళ్లీ దిద్దింది, మళ్లీ ముంచింది. మళ్లీ జారాయి. అమ్మవారు ఏడుస్తున్నదని గుంపులో ఎవరో అన్న మాట జాతరంతా పాకి, పొంగళ్లు పొయ్యి దించకుండానే జనం ఇళ్ల దారి పట్టారు.

సింగమనాయకుడికి ఆ వంకంటే ముందునుంచే గిట్టదు. వేసవి వస్తే కోటగోడ కింద నిలిచిన నీటి కంపుకు పడమటి గదుల కిటికీలు మూసుకోవలసి వచ్చేది. ఇదే అదనుగా ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. నాపరాతి గనుల నుంచి బండలు తెప్పించి వంకను ఈ కొస నుంచి ఆ కొస దాకా కప్పించి, దాని మీద అంగడివీధి వేయిస్తానని, అమ్మవారిని కోటలో బావి పక్కన ప్రతిష్ఠిస్తానని చాటింపు వేయించాడు.

కోనమ్మ కోటకు వెళ్లి మళ్లీ జాతర వరకు గడువు అడిగింది. నాయకుడు తొందరపాటు మనిషే గాని దుర్మార్గుడు కాడు. "మళ్లీ జాతరకు కళ్లు నిలిస్తే నీ వంకను ముట్టనమ్మా. నిలవకపోతే ఆ పూటే మొదటి బండ పడుతుంది" అన్నాడు. అన్నట్టే గట్టు పొడవునా బండలు వచ్చి పడుతూనే ఉన్నాయి. వంకను కప్పేస్తే వెలుతురు లేని నీటిలో ఎరుపు తేలదు. ఎరుపు లేకపోతే అద్దకపు వీధే ఉండదు. పారే నీటి ఒడ్డున పుట్టిన దేవత బావిగట్టున అద్దెకున్నట్టు నిలవడం ఆమెకు అంతకంటే దుర్భరంగా తోచింది.

ఇంటికి వచ్చి తన కసింను తానే అనుమానించింది. కొత్తగా ఊరబెట్టి, కొత్త గుడ్డ మీద ఉత్త కళ్లు రాసి, వీధివారు గుడ్డలుతికే ఎగువరేవులో ముంచి చూసింది. చెక్కుచెదరలేదు. తప్పు తన చేతిలో లేదని తెలిశాక, మరి అమ్మవారి కోపం దేనికో ఆమెనే అడుగుదామని అమ్మవారున్న దిగువరేవుకు నడిచింది. జాతరనాడు తప్ప అద్దకపు వీధివారు అటు పోయే ఆచారం లేదు. జాతర వేళకు కొత్తనీరు వచ్చి వంక నిండుగా ఉండేది గనుక, మిగిలిన నెలల్లో ఆ రేవు ఎలా ఉంటుందో వారిలో ఎవరూ చూసి ఎరగరు.

అక్కడ దిగువపేటలో ఆకుకూరల మడులు చేసుకునే నరసక్క ఇసుకలో చెలమ తవ్వి, దొప్పతో కడవకు నీళ్లు ముంచుతున్నది. చెలమలో ఊరిన నీరు కూడా ఎర్రగానే ఉంది. ఈ నీళ్లు దేనికని కోనమ్మ అడిగింది.

"తాగడానికే. ఇంకెందుకు, నీరాజనానికా?" అంది నరసక్క, తల ఎత్తకుండానే. "మీ వీధిలో ఏ కుండ వంచితే మా కడవలో ఆ రంగే అక్కా. నీలం వచ్చినప్పుడు వర్తకులు పడమటి నుంచి వచ్చారనుకుంటాం. ఎరుపు వస్తే పెళ్లిళ్లు దగ్గర పడ్డాయనుకుంటాం. మీ వ్యాపారం మీకంటే మాకే ముందు తెలుస్తుంది."

కోనమ్మ అమ్మవారి వైపు చూసింది. విగ్రహం పాదాల నుంచి మోకాళ్ల దాకా ఎర్రగా ఉంది. ఆ ఎరుపును భక్తుల కుంకుమ అనుకుని అద్దకపు వీధి తరతరాలుగా కళ్లకద్దుకున్నది. జాతరకు వచ్చిన ప్రతి ఇల్లాలూ ఆ రాతిని తాకి నొసట పెట్టుకున్నది. కోనమ్మ వంగి వేలితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. అది కుంకుమ కాదు, చిరివేరు మడ్డి. తన చేతులకు ఏళ్ల తరబడి పట్టిన వాసనే అది.

మిగతాదంతా ఆమెకు ఇంటికి నడిచే దారిలోనే బోధపడింది. పూర్వులు అమ్మవారి ఎదుటనే గుడ్డలు ఉతికేవారు. అక్కడ నీరు చెడితే కొంచెం పైకి జరిగారు. అదీ చెడితే ఇంకొంచెం పైకి. అమ్మవారి గుడ్డను మచ్చలేని నీటిలో ఉతకాలన్న భక్తితోనే ప్రతి తరమూ రేవును ఎగువకు జరుపుకుంటూ పోయి, విడిచిన చోటల్లా కుండలు వంచింది. గుడ్డ తాకిన నీరు వేరు, దేవత నిలిచిన నీరు వేరు అయింది.

వీధిపెద్ద ఈరప్ప కోనమ్మకు మరిది. ఆమె అందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట మురుగు వంకలో వదలకూడదనీ, అమ్మవారి గుడ్డ దిగువరేవులోనే ఉతకాలనీ చెప్పినప్పుడు, అతను చాలాసేపు ఓపిగ్గా విని, ఆ నీటిలో ముంచితే ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుందనీ, వర్తకులు మొహం చూడరనీ అన్నాడు. "కళ్లు నిలవకపోతే పూజారిని అడగాలి గానీ వదినా, మన పొట్ట మనమే కొట్టుకుంటామా?" అని అడిగాడు. వీధి అంతా అతని వైపే తల ఊపింది.

కోనమ్మ వాదించలేదు. మరునాటి నుంచి తన ఇంటికి తాగునీరు దిగువరేవు నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ముళ్లకంపల నడుమ అంత దూరం కడవ నెత్తిన పెట్టుకుని వీధి మొదటి నుంచి చివరిదాకా అందరి గుమ్మాల ముందుగా నడిచేది. ఆమె ఇంటికి వచ్చిన చుట్టాలు చెంబులోకి చూసి దప్పిక లేదనేవారు. గడప తొక్కినవారు నీళ్లు తాగకుండా వెనుదిరగడం ఆ వీధిలో ఎంత అవమానమో చెప్పనక్కర్లేదు. కొన్నాళ్లకు ఆమెకు వాంతులు, జ్వరం పట్టుకుని మంచం దిగలేని స్థితి వచ్చింది. ఈరప్ప ఎగువరేవు నీటితో కడవ నింపుకుని స్వయంగా మోసుకొచ్చి మంచం పక్కన పెట్టాడు.

"దీన్ని తీసుకుపో" అంది కోనమ్మ. "మన వీధికి దిగువన ముంచిన నీళ్లు ఇంత తేటగా ఉన్ననాడు తీసుకురా, తాగుతాను."

ఈరప్ప ఆ కడవను అక్కడే వదిలి వెళ్లాడు. ఆమె దాన్ని ముట్టలేదు. మరుసటి ఉదయం అతని పెరట్లో గుంట తవ్వుతున్న చప్పుడు వీధి అంతా వినిపించింది.

ఒకరి తరువాత ఒకరుగా పెరళ్లలో గుంటలు తవ్వారు. రంగునీరు ఒక గుంటలో నిలిచి, మడ్డి దిగి, ఇసుక, బొగ్గు పరిచిన రెండో గుంటలోకి ఇంకి, అక్కడి నుంచి వట్టివేరు నాటిన గట్టు వేళ్ల గుండా వంకలోకి ఊరేలా ఏర్పాటు చేశారు. ఉడికి తీసేసిన చిరివేరును ఎండబెట్టి పొయ్యిల్లో వాడుకున్నారు. మంచం దిగిన కోనమ్మ కోటకు పోయి కోట గుర్రపుశాలల పేడనీళ్లు కాలువ గుండా వంకలోకే వస్తున్న సంగతి కూడా నాయకుడి ముందు పెట్టింది. ఆయన మొదట మొహం ముడుచుకున్నా, ఆ ఎరువు తమ చేలకు మళ్లించమని రైతులే వచ్చి అడిగేసరికి ఒప్పుకున్నాడు. ఈ లోపు కోనమ్మను చూసి మిగిలిన ఇళ్ల ఆడవారూ దిగువరేవు నుంచే నీళ్లు తేవడం మొదలుపెట్టారు. తాము తాగే నీరు గనుక ఎవరి గుంట పొంగినా వీధి ఊరుకోలేదు. కడవలతో నడిచిన కాళ్ల కింద ముళ్లకంపలు అణిగి, వంక వెంట దారి పడింది. ఎండకు ఓర్వలేక దారి పక్కన కానుగలూ నేరేళ్లూ నాటారు.

మళ్లీ శ్రావణం వచ్చింది. ఆ యేడూ వానలు వెనకబట్టాయి. కొత్తనీరు వచ్చి మురుగును కడుక్కుపోతుందన్న ఆశ లేదు. ఉన్నదే నీరు. జాతరనాడు రాతిపనివారు పలుగులు పట్టుకుని మొదటి బండ పక్కన నిలబడ్డారు. నాయకుడు గట్టు మీద కూర్చున్నాడు. అమ్మవారి గుడ్డను ఆ రేవులోనే ఉతికి, ఇసుకలో ఆరవేసి, విగ్రహం ముందు పరిచారు. ఎరుపు కాస్త చల్లబడిందే గాని చెడలేదు.

కోనమ్మ కలం పట్టే ముందు రేవులోకి దిగి, దోసిలి నిండా నీళ్లు తీసుకుని అందరూ చూస్తుండగా తాగింది. తరువాత ఒడ్డుకు వచ్చి కుడికన్ను, ఎడమకన్ను దిద్దింది. గుడ్డను ఈరప్ప ఒక కొస, నరసక్క ఒక కొస పట్టుకున్నారు. నీటిలో ముంచారు. పైకెత్తారు.

కళ్లు నిలిచాయి. ఒక్క చార జారలేదు.

అప్పుడు జరిగినదాన్ని చూసినవారు తమ బిడ్డలకు చెప్పగా, ఆ బిడ్డలు తమ బిడ్డలకు చెప్పారు. ఎన్నడూ ఎవరి ముఖమూ చూపని ఆ వంకనీరు ఆనాడు అద్దంలా తేరి, ఎత్తిపట్టిన గుడ్డ మీది అమ్మవారు నీటిలో కనిపించింది. గుడ్డ మడిచి పక్కన పెట్టాక కూడా ఆ కళ్లు నీటిలో అలాగే ఉండి, దిగువపేట నుంచి కోటదాకా ఊరిని కలయజూసి, నెమ్మదిగా అడుగు ఇసుకలో కలిసిపోయాయి. ఎర్రబారిన విగ్రహం మోకాళ్ల నుంచి పాదాల దాకా నల్లగా, పుట్టిననాటి రంగులో తేలింది. సింగమనాయకుడు లేచి నిలబడి తలపాగా తీసి చేతబట్టుకున్నాడు.

తెచ్చిన బండలను ఏంచేయాలని రాతిపనివారు అడిగితే, గట్లకు ఇరువైపులా నిలువుగా నాటమన్నాడు. ఏ బండకు ఎదురైన వీధి ఆ బండ మీద తమ బొమ్మ రాసుకునే హక్కును కోనమ్మ అడిగి పుచ్చుకుంది. కుమ్మరులు కుండలు కాల్చే ఆవాన్ని రాశారు, దిగువపేట వారు ఆకుకూరల మడులను రాశారు, అద్దకపు వీధివారు కడవ నెత్తిన పెట్టుకుని నడిచే ఒక స్త్రీని రాసి, అది ఎవరని అడిగితే ఎవరో అని తప్పించుకున్నారు. పేరులేని వంక ఆనాటి నుంచి బొమ్మలవంక అయింది.

ఇప్పుడు కెంపువీడు పెద్ద పట్నం. వంక వెంట పురపాలక సంఘంవారు వేసిన నడకదారి మీద పొద్దున్నే జనం చేతులూపుకుంటూ నడుస్తారు. పాత బండల మీద వెలిసిన బొమ్మలను ఏటా ఆయా వీధుల పిల్లలు మళ్లీ దిద్దుతారు, కొత్త గోడల మీద కొత్తవి రాస్తారు. వంక కొన్నాళ్లు చెడుతుంది, మళ్లీ బాగుపడుతుంది. దానిని బాగుచేయక తప్పని ఆనవాయితీ ఒకటి ఉంది. శ్రావణ జాతరలో అద్దకపు వీధి పెద్దామె, పక్కన పురపాలక సంఘం అధ్యక్షులు నిలబడి ఉన్నా, మంత్రులు ఎదురుచూస్తున్నా, ముందు దిగువరేవులోకి దిగి దోసిలి నిండా నీళ్లు తీసుకుంటుంది. ఊరంతా ఆమె గొంతు వైపే చూస్తుంది. ఆమె గుటక వేసేదాకా డప్పు మోగదు.