దిబ్బ మీది పెద్ద గొయ్యి

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవికి రాజైన సింహం ఉండే కొండకు మూడు రోజుల నడక దూరంలో ఒక మడుగు. మడుగు చుట్టూ ఉండే జంతువులన్నీ సూరమ్మ అనే అడవిపందిని తమ పెద్దగా ఎన్నుకున్నాయి.

ఏటేటా ఎండలు ముదురుతున్నాయి. వాన వస్తే ఒక్క పూటలో కుమ్మేసి పోతోంది. ఆ ఏడు మాఘం దాటకుండానే మడుగు మోకాలి లోతుకు వచ్చేసింది. పిల్లలు బురద నాకడం సూరమ్మ చూసింది.

"రాజుగారికి చెబుదాం" అని కాకిని పంపింది.

"ఎండల గురించి ఏడు అడవుల సింహాలు కూర్చుని మాట్లాడుకుంటున్నాయట" అని కాకి తిరిగొచ్చి చెప్పింది.

రెండోసారి పంపితే ఆజ్ఞ వచ్చింది: "నీటిని కాపాడుకోండి." సూరమ్మ దాన్ని అందరికీ గట్టిగా చదివి వినిపించింది. చదివితే నీళ్ళు ఊరతాయా పిల్లలూ? ఊరలేదు.

మూడోసారి తానే వెళ్ళింది.

"అమ్మా, అడవంతటికీ ఒక్కటే ఆజ్ఞ ఇవ్వగలను. మీ మడుగు ఇంత త్వరగా ఎందుకు ఎండిపోతోందో ఇక్కణ్ణుంచి నాకెలా కనబడుతుంది?" అంది సింహం.

ఎందుకో సూరమ్మకు తెలుసు. మడుగు పైనున్న దిబ్బను పందులు దుంపల కోసం తవ్వుతాయి. ఆ మట్టి వానకు జారి మడుగులో పడుతుంది. తవ్వేది సొంత చుట్టాలే. వాళ్ళతో ఆ మాట అనలేకే ఇన్నాళ్ళూ కొండ వైపు చూసింది.

ఇంటికి రాగానే అందరినీ పిలిచింది. "ఇక దిబ్బ మీద ఎవరూ తవ్వకూడదు. మడుగులో పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలి."

మరిది గయ్యిమన్నాడు. "రాజుగారే అనలేదు, నీకెందుకు వదినా? నిన్ను పెద్దను చేసింది మా పొట్ట కొట్టడానికా?"

"దిబ్బ మీద అన్నిటికన్నా పెద్ద గొయ్యి నాదే. ముందు దాన్నే పూడుస్తాను" అంది సూరమ్మ. అన్నట్టే పూడ్చి, పైన గరిక నాటింది. మరిది వారం రోజులు దిబ్బ వైపే రాలేదు. ఎనిమిదో రోజు తన గొయ్యి తానే పూడ్చుకుని, మడుగులో పూడిక తీసేవాళ్ళతో కలిశాడు.

మరుసటి వేసవిలో ఎండ ఏమీ తగ్గలేదు. మడుగు మాత్రం ఎండలేదు.

రాజుగారి కొత్త ఆజ్ఞ పట్టుకుని నక్క వచ్చింది. ముందు కడుపు నిండా నీళ్ళు తాగింది. చదవబోయి, చుట్టూ చూసి ఆగిపోయింది. "ఇదంతా ఎవరు చేయమన్నారు?"

"మేమే" అన్నాడు మరిది, గరిక నాటుతూనే.

నీతి: రాజు ఆజ్ఞ అడవంతటికీ వస్తుంది, మన దిబ్బ మీది గొయ్యిని మాత్రం మనమే పూడ్చుకోవాలి.