గడ్డి మొలవని వాలు

బొగ్గువాగు అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవి పందులు, ఎలుగుబంట్లు ఉండేవి. ఆ అడవి నడుమ మనుషులు ఏళ్ళ తరబడి బొగ్గు తవ్వారు. బొగ్గు అయిపోగానే గని మూసేసి వెళ్ళిపోయారు. తవ్విపోసిన మట్టి మాత్రం పెద్ద దిబ్బగా మిగిలిపోయింది. దాని మీద గడ్డిపోచ కూడా లేదు.

అడవికి పెద్దయిన ముసలి దుప్పి అందరినీ పిలిచి, ముందొచ్చినవాళ్ళకు ముందుగా నేల పంచింది. గుర్రుమల్లు అనే అడవి పంది అందరికంటే ముందు ఉరికి, వాగు పక్కన మెత్తటి నేల తీసుకున్నాడు. అక్కడ ఎటు తవ్వినా దుంపలే. పిల్లలిద్దరినీ వెంటేసుకుని ఆలస్యంగా వచ్చిన ఎలుగుబంటి బూరమ్మకు దిబ్బ మిగిలింది.

"రాళ్ళు ఏరుకుని తిను బూరమ్మా," అని గుర్రుమల్లు పకపకా నవ్వాడు.

బూరమ్మ రోజూ అడవి అవతలికి పోయి రేగుపళ్ళు కడుపునిండా తినేది. తిరిగొచ్చి దిబ్బ మీదే పెంట వేసేది. పిల్లలకూ అదే నేర్పింది. మీరేం ముక్కు మూసుకోనక్కర్లేదు. ఆ పెంటలో గింజలున్నాయి, గింజలకు కావలసిన ఎరువూ ఉంది. వానలు పడ్డాయి, మొక్కలు లేచాయి. నాలుగేళ్ళకు దిబ్బ నిండా రేగుచెట్లు విరగకాశాయి.

అది చూసి గుర్రుమల్లు కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. అంత మంచి నేల ఉండి ఏం లాభం చెప్పండి! వాడికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. దుంప నోట్లో పెట్టుకుని కూడా దిబ్బ వైపే చూసేవాడు.

"మన దుంపలు మనకు లేవా? ఆమె పళ్ళు చూసి నువ్వెందుకు చిక్కిపోతున్నావు?" అంది అతని పెళ్ళాం.

"ఆ ఎలుగుకు ఇంత అదృష్టమా?"

"అదృష్టం కాదయ్యా, నాలుగేళ్ళ చాకిరీ."

ఆ మాట గుర్రుమల్లు చెవికెక్కలేదు. దిబ్బ చుట్టూ తిరిగి చూశాడు. పడమటి వాలు మీద మాత్రం ఒక్క మొక్కా లేదు. బూరమ్మ తన పిల్లలను అటు పోనిచ్చేది కాదు. వాడికి అనుమానం వచ్చింది.

"ఇక్కడేం దాచావు?" అని నిలదీశాడు.

"దాచడానికి ఏముంది మల్లూ? లోపల బొగ్గు రాజుకుని ఉంది. పైన మట్టి కప్పి ఉన్నంతవరకే అది అణిగి ఉంటుంది. గడ్డి మొలవని చోట ముట్టె పెట్టకు," అంది బూరమ్మ.

నన్ను బెదరగొడుతోంది, అనుకున్నాడు గుర్రుమల్లు. బూరమ్మ పిల్లలతో వాగుకు నీళ్ళకు పోగానే వాలు ఎక్కి తవ్వడం మొదలుపెట్టాడు. ముట్టెకు వెచ్చగా తగిలింది. 'ఓహో, ఇక్కడ పళ్ళు మగ్గబెడుతోంది కాబోలు,' అని ఇంకా లోతుగా పొడిచాడు. గాలి తగలగానే లోపలి బొగ్గు భగ్గుమంది. ముట్టె కాలిపోయి గుర్రుమల్లు కిందికి దొర్లాడు.

పొగ చూసి బూరమ్మ పరుగున వచ్చింది. పిల్లలతో కలిసి గబగబా మట్టి తోసి గుంట పూడ్చింది. చెట్లు దక్కాయి. తర్వాత గుర్రుమల్లును ఈడ్చుకుపోయి వాగు నీళ్ళలో పడుకోబెట్టింది.

పుండు మానింది కానీ వాసన పట్టే శక్తి పోయింది. వాసన తెలియని పంది దుంప ఎక్కడుందో ఎలా కనిపెడుతుంది? కాలి కింద దుంపలున్నా వాడు ఆకలితో తిరిగేవాడు. పెళ్ళాం తవ్విన దుంపలు తమ పిల్లలకే సరిపోయేవి.

చివరికి సిగ్గు చంపుకుని దిబ్బ కిందికి వచ్చి నిలబడ్డాడు. బూరమ్మ కొమ్మ ఊపింది. రాలిన పళ్ళు గుర్రుమల్లు తలొంచుకుని తిన్నాడు. ఏ పళ్ళ కోసం కుళ్ళి చచ్చాడో, వాటి వాసన కూడా వాడికి తెలియలేదు.

నీతి: పక్కవాళ్ళ కష్టాన్ని చూసి నేర్చుకోవాలి గానీ, వాళ్ళ ఫలితాన్ని చూసి కుళ్ళుకుంటే మనకున్నది కూడా మనకు దక్కదు.