వెయ్యి చిలుకలూ ఖాళీ పళ్ళెమూ

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, వీరసేనుడని ఒక రాజుండేవాడర్రా. ఆయనకి ముగ్గురు కొడుకులు. అందులో చిన్నవాడు పుష్కరుడు. ఈ కథంతా వాడిదే.

పక్క రాజ్యపు రాకుమారి హేమలేఖని కరకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో బంధించాడు. విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. ఇక మూడోవాడు కత్తి కట్టుకునేసరికి తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అన్నలు లేకుండా ఈ గుమ్మం తొక్కనమ్మా అని కాళ్ళకి దణ్ణం పెట్టి, పుష్కరుడు బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి గిలగిల్లాడుతోంది. పుష్కరుడు దాన్ని బోర్లా తిప్పాడు. ప్రాణం నిలిపావు, ఎక్కు నాయనా అంది తాబేలు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

దీవిలో దిగి మూటలో అటుకులు తింటూంటే ఒక ఎలుక వచ్చి ముందుకాళ్ళెత్తి నిలబడింది. వాడు గుప్పెడు అటుకులు దానికీ పెట్టాడు. తిన్నాక అది మూతి తుడుచుకుని, కోట రహస్యమంతా చెప్పేసింది.

కోట నడిమి గదిలో ఎడమ పక్కన పంజరం. అందులో చిలుక, చిలుకలో మాంత్రికుడి ప్రాణం. కుడి పక్కన పళ్ళెం, అందులో పది గులకరాళ్ళు. మధ్యలో గంట. కరకంఠుడు గంట కొడితే, పళ్ళెంలో ఎన్ని రాళ్ళుంటే పంజరంలోవి అన్ని రెట్లవుతాయి. ఇంకెవరు కొట్టినా అది మోగదు. ఆ రాళ్ళు మామూలు రాళ్ళా అంటే కాదు. హేమలేఖ కోసం వచ్చి, ఆ గంట మోతకి రాళ్ళైపోయిన పదిమంది రాకుమారులు. పుష్కరుడి అన్నలిద్దరూ వాటిలోనే ఉన్నారు.

ఎలుక దారి చూపిస్తే పుష్కరుడు నడిమి గదిలో దూరాడు. పళ్ళెం పక్కన హేమలేఖ కాళ్ళకి గొలుసుతో కూర్చునుంది. వాడు పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టాడో లేదో, స్తంభం చాటునుంచి కరకంఠుడు తాడు లాగి గంట కొట్టాడు.

ఒక్క చిలుక పది చిలుకలైంది. పుష్కరుడి పాదాలు రాయైపోయాయి.

రెండో గంట కొట్టాడు. పది వందైంది. మోకాళ్ళు రాయైపోయాయి.

మూడో గంట కొట్టాడు. వంద వెయ్యైంది. నడుము దాకా రాయైపోయింది. చూశారా, కొట్టినప్పుడల్లా పక్కన ఒక్కో సున్నా! చిలుకలు పెరిగినకొద్దీ పంజరమూ పెరిగి కప్పుకి ఆనుకుంది. ఆ గోలలో అరిస్తే తప్ప మాట వినపడదు.

"ఎన్నింటి గొంతు నులుముతావురా కుర్రకుంకా? ఒక్కటి మిగిలినా నేను మిగిలినట్టే," అన్నాడు కరకంఠుడు. "ఇంకొక్క గంటతో నువ్వు పదకొండో రాయివి."

నడుము కింద స్పర్శ లేదు. అయినా వాడి బుర్ర పనిచేస్తూనే ఉంది. గంట కొడితే ఒక్కో రాయి వంతుకీ పంజరంలో ఉన్నన్ని చిలుకలు వస్తున్నాయి. మరి రాయే లేకపోతే? వంతే లేదు కదా!

అది నిజమో కాదో పరీక్షించడానికి ఉన్నది ఒక్క గంటే. తప్పితే తల దాకా రాయే.

"ఏం మామా," అన్నాడు నవ్వుతూ. "నీ బడాయంతా ఆ గులకరాళ్ళదే. అవి తీసేసి కొట్టమంటే నీ చెయ్యి వణుకుతుంది."

కరకంఠుడికి రోషం వచ్చింది. వెనకటికి పళ్ళెంలో ఒకే ఒక్క రాయి ఉన్న రోజుల్లో గంట కొడితే, చిలుక ఒకటిగానే ఉండేది. రాయి లేకపోయినా అంతే కదా అనుకున్నాడు తెలివితక్కువ మహానుభావుడు.

"తీసెయ్యవే పిల్లా. ఏమీ వెయ్యకపోతే ఏమీ అవదు. చిలుకలు వెయ్యీ వెయ్యిగానే ఉంటాయి, వీడు మాత్రం రాయవుతాడు."

హేమలేఖ పళ్ళెం మీదికి వంగింది. "నిజంగానే తియ్యమంటారా?" అని పుష్కరుణ్ణి అడిగింది.

"ఒక్కటి కూడా ఉంచకండి. మా అన్నలున్నారు, మెల్లిగా తియ్యండి."

ఆమె ఒక్కొక్కటే తీసి ఒడిలో వేసుకుంది. తొమ్మిది వచ్చాయి. పదోది కనబడలేదు. పళ్ళెమంతా తడిమింది, లేదు. కరకంఠుడి చెయ్యి గంట తాడు మీద పడింది. ఒక్క రాయి ఉండిపోయినా వెయ్యి చిలుకలూ వెయ్యిగానే ఉంటాయి, పుష్కరుడు ఉండడు. అప్పుడు ఎలుక చివాలున పళ్ళెంలోకి దూకి, అంచు మడతలో ఇరుక్కున్న చిన్న రాయిని పంటితో లాక్కుని ఆమె ఒడిలో పడేసింది.

గంట మోగింది.

రాయి పుష్కరుడి గుండెకెక్కింది. గొంతుకెక్కింది. గడ్డం దాకా వచ్చి ఆగింది.

గదిలో చప్పుడు లేదు. పంజరంలో చిలుక లేదు, ఈక లేదు. వెయ్యీ ఏమైపోయాయో ఆ గంటకే తెలియాలి. వాడి గొంతులోంచి, గుండెలోంచి, కాళ్ళలోంచి రాయితనం నీళ్ళలా దిగిపోయింది.

కరకంఠుడు పొగలా పలచబడిపోతూ, హేమలేఖ ఒడిలోంచి రాళ్ళు లాక్కుని పళ్ళెంలో పోసి గంట కొట్టాడు. పంజరం ఖాళీ. మళ్ళీ కొట్టాడు. ఖాళీ. మూడోసారి కొట్టాడు. పది ఖాళీలు కలిపినా ఖాళీయే కదర్రా! గంట ఇంకా ఊగుతూనే ఉంది, కొట్టినవాడు లేడు.

గొలుసు తెగింది. పళ్ళెంలోంచి పదిమంది రాకుమారులు ఒకరిమీద ఒకరు దొర్లి పడ్డారు. అన్నలిద్దరూ తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేశారు. తాబేలు చుట్టాలందర్నీ పిలిస్తే మనిషికొకటి చొప్పున ఎక్కి అందరూ ఇల్లు చేరారు. తల్లి ముగ్గురు కొడుకుల్నీ తడిమి తడిమి చూసుకుని, అప్పుడు గుమ్మంలోంచి తప్పుకుంది.

హేమలేఖకీ పుష్కరుడికీ ఊరంతా పందిరేసి పెళ్ళి చేశారు. వాళ్ళ వెంట వచ్చిన ఎలుకకి బస్తా అటుకులు కట్నంగా చదివించారు. వాళ్ళు జుట్టు నెరిసేదాకా, మనవల పెళ్ళిళ్ళు చేసేదాకా చల్లగా రాజ్యమేలారు. వాళ్ళలాగే మీరూ చల్లగా ఉండాలి.