బోరు నీళ్ల పరీక్ష

నీరజ ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసే తెలివైన అమ్మాయే గానీ, ఏ పనైనా త్వరగా ముగించేయాలనే తొందర ఆమెకు ఎక్కువగా ఉండేది. వేడినీళ్లు పారే గొట్టాల లోపల సున్నంలాంటి తెల్లటి పొర ఎందుకు పేరుకుంటుందో ఆమె పరిశోధించేది. ఆ పొర అంటుకోకుండా గొట్టం లోపల వేసే నున్నటి పూత ఒకటి తయారుచేసింది. రాళ్లవాగు ప్రసూతి ఆసుపత్రిలో పెట్టబోయే సోలార్ హీటరుకు ఆ పూత వేద్దామనుకున్నారు.

"రాళ్లవాగు బోరు నీళ్లతో పరీక్షించావా? అక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ" అని ప్రొఫెసర్ రాజ్యలక్ష్మి గారు అడిగారు.

ఆ పరీక్షకు నెలలు పడుతుంది. కాలేజీ కుళాయి నీళ్లతో ఫలితం బాగానే వచ్చింది. ఏ నీళ్లయితేనేం అనుకుంది నీరజ.

"అయింది మేడమ్" అనేసింది.

హీటరు పెట్టారు. అందరూ మెచ్చుకున్నారు. చలికాలం వచ్చేసరికి వేడినీళ్లు సన్నటి ధారగా మారి, చివరికి ఆగిపోయాయి. కబురు అందగానే నీరజ రాళ్లవాగు వెళ్లింది.

వార్డులో యాదమ్మ అనే బాలింత తడిగుడ్డను తన అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేస్తోంది. గుడ్డ కాస్త వేడెక్కాక పసిబిడ్డ ఒళ్లు తుడుస్తోంది. అయినా బిడ్డ వణికి ఏడుస్తోంది.

"నీళ్లు బాగుచేయనీకి వచ్చినవా అక్కా?" అని యాదమ్మ ఆశగా అడిగింది. నీరజ తలూపి బయటికి నడిచింది.

బయట గొట్టం విప్పి చూసింది. లోపల తెల్లటి పొర గట్టిగా పేరుకుని దారి మూసుకుపోయింది.

"ఆయా నర్సమ్మే సరిగ్గా చూసుకోలేదమ్మా. పొద్దున బాగా కోప్పడ్డాను" అంది నర్సు ఎస్తేరు నొచ్చుకుంటూ. నర్సమ్మ గోడ పక్కన తల వంచుకుని నిలబడి ఉంది.

నీరజ ఒక్క మాట మాట్లాడకపోతే చాలు, తప్పు నర్సమ్మ మీదే ఉండిపోతుంది.

"ఆమె తప్పేం లేదు సిస్టర్. ఈ నీళ్లతో పరీక్షించకుండానే పరీక్షించానని చెప్పాను. తప్పు నాది. నన్ను క్షమించు నర్సమ్మా" అంది నీరజ.

వెంటనే ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నాకు బాధగా ఉంది నీరజా. కానీ నీ అంతట నువ్వే చెప్పావు. ముందు ఆ తల్లులకు వేడినీళ్లు దొరికేలా చూడు. తర్వాత ఆ బోరు నీళ్లు పట్టుకునిరా, ఇద్దరం కలిసి మళ్లీ మొదలుపెడదాం" అన్నారు.

నీరజ కళ్లు తుడుచుకుని వంటగదిలోకి వెళ్లింది. నర్సమ్మ పొయ్యి వెలిగించింది. ఇద్దరూ నీళ్లు కాచి బకెట్లతో వార్డుకు మోశారు. యాదమ్మ బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుంటే, నీరజ వేడి సరిచూసి మెల్లగా నీళ్లు పోసింది. బిడ్డ ఏడుపు ఆపి, ఒళ్లు విరుచుకుని, పోస్తుండగానే నిద్రలోకి జారుకుంది.

ఆ రోజే ఆసుపత్రికి కరెంటు హీటరు ఒకటి తెప్పించారు. నీరజ ఈసారి తొందరపడలేదు. బోరు నీళ్లతోనే నెలల తరబడి పరీక్షించి, పూతను మార్చి, గొట్టాన్ని సులువుగా విప్పి శుభ్రం చేసుకునేలా అమర్చింది. మరుసటి చలికాలం వార్డులో వేడినీళ్లు ఆగలేదు.

చేయని పనిని చేశామని చెబితే, దానివల్ల వచ్చే కష్టం మనల్ని నమ్మినవారి మీద పడుతుంది. తప్పు ఒప్పుకున్నప్పుడే దాన్ని దిద్దుకునే దారి దొరుకుతుంది.