సెల్ఫ్ కొట్టని మఠం లారీ

చిదంబర స్వామిని ప్రశ్న అడిగినవాడికి సమాధానం కంటే ముందు ఏదో ఒక పని దొరికేది. అందుకే మఠంలో పాతకాపులెవరూ తొందరపడి ఆయన్ని ఏమీ అడిగేవారు కారు. స్వామి పూర్వాశ్రమంలో లారీ డ్రైవరు. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు, గొప్పగా చెప్పుకోనూ లేదు. రాయదుర్గం దాటాక మెట్టభూముల మధ్య ఉంది ఆ మఠం. ఎండాకాలం వస్తే మఠానికీ చుట్టుపక్కల పల్లెలకూ తాగునీళ్లు తెచ్చిపెట్టేది మఠం వారి పాత లారీయే.

అలాంటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, మఠం బాగోగులు చూసే హంపన్న వచ్చి స్వామి ముందు నిలబడ్డాడు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు. వంటశాలలో తిప్పమ్మ సంగతి ఎటూ తేల్చుకోలేక అతనికి నిద్ర కరువైంది. తిప్పమ్మ మొగుడు పోయాక మఠం చేరింది, ఆ వంటశాలలోనే వయసు మళ్లింది. ఇక్కడ కాదంటే ఆమెకు ఇంకో గడప లేదు. ఇన్నేళ్లూ ఎవరినీ పల్లెత్తు మాట అనని ఆ మనిషి ఈ మధ్య ఎదురొచ్చిన ప్రతివారి మీదా కస్సుమంటోంది. నిన్న నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్ల ముందే గరిటె విసిరికొట్టింది. ఆమెను పంపించేయమని మఠం పెద్దలు హంపన్నను చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు.

"సామీ, కోపం అణుచుకోలేని మనిషిని మఠంలో పెట్టుకోవచ్చునా? తిప్పమ్మను పంపించేయమంటారా?" అని అడిగాడు.

"లారీ స్టార్టయిందా?" అన్నారు స్వామి.

"లేదు సామీ. తోయాల్సిందే."

"పదప్పా, చూద్దాం."

హంపన్నకు ప్రాణం ఉసూరుమంది. సమాధి చెందిన పెద్దస్వామి ఆరాధన ఉత్సవాలు అయినప్పటి నుంచి ఆ లారీ సెల్ఫ్ కొట్టడం మానేసింది. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. కొత్త బ్యాటరీ వేశారు. సెల్ఫ్ మోటారు విప్పి పట్నం తీసుకుపోయి బాగుచేయించారు. లైట్లు వెలుగుతాయి, హారన్ ఊరంతా వినబడేట్టు మోగుతుంది, ఇంజను మాత్రం తిరగదు. రోజూ మఠంలోని మగవాళ్లందరూ, స్వామితో సహా, దాన్ని తోసి స్టార్టు చేసి నడుములు పట్టుకుని కూలబడడం నిత్యపూజలో భాగమైపోయింది.

స్వామి మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ క్యాబిన్‌లోకి ఎక్కారు. హంపన్న బానెట్ లేపాడు. స్వామి తాళం తిప్పితే టక్కుమంది. మళ్లీ తిప్పారు, మళ్లీ టక్కుమంది. "ఏ తీగైనా వేడెక్కిందేమో పట్టుకుని చూడు" అన్నారు లోపలి నుంచి.

హంపన్న ఒక్కొక్కటే తడుముతూ పోయి, సన్నటి యాక్సిలరేటర్ తీగ దగ్గర చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇది కాలిపోతాంది సామీ. చెడిపోయినట్టుండాది. తీసి పారేసి కొత్తది వేద్దాం."

"దాని తప్పేముందప్పా? పెడలు తొక్కితే లాగేదానికి పెట్టిన తీగ అది. కరెంటు మోసేది దాని పని కాదు. మోయాల్సింది మోయడంలేదు, దీని మీద పడింది. ఇంజనుకూ కింద చట్రానికీ, అదే చాసిస్‌కూ, నడుమ కరెంటు మోసే రాగి పట్టీ ఉంటాది, చూడు."

హంపన్న లారీ కిందికి దూరాడు. అంతలో కిందిపల్లె ఎర్రిస్వామి వచ్చాడు. బయటికి కనిపిస్తున్న హంపన్న కాళ్లను దాటుకుంటూ పోయి వంటశాల గుమ్మం ముందు నిలబడ్డాడు. "తిప్పమ్మక్కా, ఈ పొద్దు నీళ్ల ట్యాంకు ముందు మాకా, పైపల్లెకా?"

లోపల గిన్నె ఒకటి ధన్‌మని పడింది. "నన్నడిగితే నాకేం తెలుసురా? నేను వండాల్నా, మీ పంచాయితీలు తీర్చాల్నా?"

"ఎర్రిస్వామీ, అది నన్ను గదా అడగాల్సింది?" అన్నాడు హంపన్న కింది నుంచి.

ఎర్రిస్వామి వంగి చూశాడు. "నీకు మౌనవ్రతం గదన్నా."

"అది పొద్దున పూటే. ఇప్పుడు మాట్లాడతాండా గదా."

"నీళ్ల తగాదాలు వచ్చేది పొద్దున్నే గదన్నా. నువ్వు తలుపేసుకుంటే మాకు కనపడేది అక్క ఒక్కతే. అదే అలవాటైపోయింది."

ఆరాధన నాడు పెద్దస్వామి సమాధి ముందు హంపన్న పట్టిన వ్రతం అది. చూసినవాళ్లంతా చేతులెత్తి దండం పెట్టారు. అందులో భక్తి ఎంతో, ఆ తగాదాలు వినీ వినీ పుట్టిన విసుగు ఎంతో అతనికి తెలుసు. తలుపు మూసుకుని కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. ఆ హాయి ఎవరి నెత్తిన పడిందో తెలిసేసరికి లారీ కింద పడుకున్నవాడికి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

రాగి పట్టీ దొరికింది. చూడడానికి చక్కగా ఉంది, బోల్టు బిగువుగానే ఉంది. అదే చెప్పాడు. "విప్పి చూడు" అన్నారు స్వామి. విప్పితే, పట్టీ ఆనుకునే చోట చాసిస్ ఇనుము మీద దట్టంగా నీలం రంగు పూత ఉంది. ఆ పూత మీదనే పట్టీని బిగించారు. ఇక ఇనుమును రాగి తాకే దారేది?

"ఇది నేను వేసిన రంగే సామీ," అన్నాడు హంపన్న నీరసంగా. "పెద్దసామి ఆరాధనకని, లారీకి ఒక్క మూల వదలకుండా వేసినా. ఈ పట్టీ గూడా విప్పి, దాని కింద పూసి, మళ్లీ బిగించినా."

హంపన్న చాకుతో అక్కడి రంగంతా గీకి, ఇనుము తెల్లగా తేలాక పట్టీ బిగించాడు. స్వామి తాళం తిప్పారు. ముసలి ఇంజను గరగరమని తిరిగి, ఇంత నల్లటి పొగ వదిలి అందుకుంది. తోయడానికి వచ్చిన మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సంతోషపడే ఓపిక కూడా లేక నీడకు వెళ్లిపోయారు. ఎర్రిస్వామి మాత్రం హంపన్న కోసం కాచుకుని నిలబడ్డాడు.

"ఈ పొద్దు ముందు మీకే. పైపల్లెకు నేను పోయి చెప్తా. అక్కను ఇంక అడగొద్దండి," అన్నాడు హంపన్న. తిప్పమ్మను పంపించే మాట మళ్లీ ఎత్తలేదు. చేతుల మసి తుడుచుకుంటూ క్యాబిన్ దగ్గర తటపటాయిస్తూ నిలబడ్డాడు. చివరికి, "సామీ, పెద్దసామి ముందు పట్టిన వ్రతం. విడిస్తే దోషం గదా?" అన్నాడు.

స్వామి దిగబోతూ, మోకాలు పట్టుకుని మెట్టు మీద ఆగారు.

"లారీ అంతా గీకినావా ఏమప్పా? ఆనాల్సిన చోటే గదా."