ఏడు వందల ఏళ్ళు దాటొచ్చిన పైడి

చాలా చాలా ఏళ్ళ కిందట, ఇప్పుడు మీరు చూస్తున్న రోడ్లూ బస్సులూ ఏవీ లేని కాలంలో, మేడిగొండ అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. గుర్రమెక్కినా, కత్తి పట్టినా ముగ్గురూ ముగ్గురే.

అలాంటి రాజ్యానికి ఒక పీడ పట్టుకుంది. గండకుడనే మాంత్రికుడు ఎక్కడినుంచో వచ్చి కోటలో తిష్ఠ వేశాడు. రాజుగారిని కిందికి దించి సింహాసనం మీద తను కూర్చున్నాడు. కత్తితో పొడిస్తే వాడికి నెత్తురు రాలేదు. నిప్పుల్లోకి తోస్తే ఒళ్ళు కాలలేదు.

"నా ప్రాణం నా ఒంట్లో ఉంటే కదర్రా నన్ను చంపడానికి! అది ఒక చిలకలో ఉంది. చేతనైతే వెతుక్కోండి" అని పకపకా నవ్వేవాడు.

ఏటా విజయదశమి నాడు రాజ్యంలో అందరూ వచ్చి వాడి ముందు నడుం వంచి దణ్ణం పెట్టాలి. పెట్టనివాణ్ణి రాయిని చేసేవాడు.

మొదటి ఏడు పెద్ద రాకుమారుడు "వంగను" అన్నాడు. "మూడు నెలలు గడువిస్తున్నాను, పోయి నా చిలకను పట్టుకో" అన్నాడు గండకుడు. వాడికదొక వినోదం. పెద్దవాడు మూడు సముద్రాలు దాటి వెతికాడు. చిలక దొరకలేదు. పారిపోకుండా తిరిగొచ్చి "అయినా వంగను" అన్నాడు. రాయైపోయాడు.

రెండో ఏడు రెండోవాడు "వంగను" అన్నాడు. ఏడు సముద్రాలూ దాటి వెతికాడు. చిలక దొరకలేదు. తిరిగొచ్చి "అయినా వంగను" అన్నాడు. అతనూ రాయైపోయాడు.

మూడో ఏడు వచ్చింది. మూడోవాడి పేరు మణికేతుడు. ఇరవై ఏళ్ళవాడు. రాజుగారు అతని చేతులు పట్టుకుని బతిమాలాడు.

"నాయనా, నువ్వొక్కడివే మిగిలావు. ఒక్క దణ్ణం పెట్టెయ్. నడుం వంచితే విరిగిపోదు కదా!"

"నడుం విరగదు నాన్నగారూ. అన్నల ముందు నిలబడి వాడికి దణ్ణం పెడితే, ఆ తర్వాత నేను అద్దంలో ముఖం చూసుకోలేను" అన్నాడు మణికేతుడు. సభలోకి వెళ్ళి "వంగను" అన్నాడు. మూడు నెలల గడువు తీసుకుని బయల్దేరాడు.

కోట దాటి ఏటి ఒడ్డున పోతుంటే, ఇసుకలో ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మణికేతుడు గుర్రం దిగి దాన్ని తిరగేసి, నీళ్ళ దగ్గర దింపాడు. తాబేలు మెడ చాచి అడిగింది.

"ఎక్కడికి బాబూ ఇంత తొందరగా?"

"గండకుడి చిలక కోసం. ఏడు సముద్రాల్లో ఎక్కడుందో ఏమో!"

"ఆ సముద్రాల్లో లేదు" అంది తాబేలు. "గండకుడు దాన్ని దూరంలో దాచలేదు, కాలంలో దాచాడు. ఏడు వందల ఏళ్ళ అవతల వదిలాడు. కాలంలోనూ ఏడు సముద్రాలున్నాయి, ఒక్కోటీ వందేళ్ళు. మిగతా తాబేళ్ళు నీళ్ళలో ఈదుతాయి, నేను ఏళ్ళలో ఈదుతాను. ముసలిదాన్నయ్యాను కాబట్టి ఇక మూడుసార్లే దాటగలను. నీకోసం ఒకసారి అటు, ఒకసారి ఇటు. మిగిలిన ఒక్కటీ తర్వాత చూద్దాం. దారికే రోజులన్నీ పోతాయి. అక్కడ నీకు మిగిలేది మూడు రోజులు."

మణికేతుడు తాబేలు వీపు మీద కూర్చున్నాడు. మొదటి సముద్రం పొగ వాసన వేసింది. రెండోది వాన వాసన వేసింది. అలా ఒక్కోటీ దాటి, ఏడో సముద్రం ఒడ్డున దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

అక్కడ కోట లేదు. మొండిగోడలున్నాయి. గోడల పక్కన బస్టాండు ఉంది. పెద్ద పెద్ద బస్సులు బుస్సుమంటూ వచ్చిపోతున్నాయి. మణికేతుడు కత్తి దూసి మొదటి బస్సుకు ఎదురు నిలబడ్డాడు. డ్రైవరు తల బయటికి పెట్టి తిట్టిన తిట్లు నేను మీకు చెప్పను.

అప్పుడొక అమ్మాయి వచ్చి అతని చొక్కా పట్టుకుని పక్కకు లాగింది.

"చావాలనుందా ఏంటి? నాటకాలవాళ్ళా మీరు?"

ఆ అమ్మాయి పేరు పైడి. పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న అప్పలస్వామి బస్టాండులో చిలక జోస్యం చెబుతాడు. ఆయనకు జ్వరమొస్తే పైడే కాలేజీ మానేసి పంజరం ముందు కూర్చుంటుంది. ఆ పంజరంలో ఈకలు వెలిసిపోయిన ఒక చిలక ఉంది. పేరు చిట్టి.

మణికేతుడు చిట్టిని చూశాడు. తాబేలు చెప్పిన కాలంలో ఎదురైన ఈ చిలకే గండకుడి చిలక అనుకున్నాడు. జరిగిందంతా చెప్పి, పంజరం వైపు చెయ్యి చాచాడు.

"దాని మెడ విరిస్తే గండకుడు చస్తాడు. ఇలా ఇవ్వు."

పైడి పంజరాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "ఒక్కడుగు ముందుకేశావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను. ఏదో కథ చెప్పి నా చిలకను చంపుతావా?"

ఇన్నాళ్ళుగా కార్డులు తీయడం తప్ప ఏమీ చెయ్యని చిట్టి అప్పుడు నోరు విప్పింది.

"కథ కాదమ్మా పైడీ, నిజమే. నా గొంతులో వాడి ప్రాణం జొన్నగింజలా ఇరుక్కుంది. అందుకే నాకు చావు రాదు. ఎంతమంది చేతులు మారానో లెక్కలేదు. అలసిపోయాను. విరిచెయ్యనీ."

పైడి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. చేత్తో తుడుచుకుంది. "నువ్వు నోర్మూసుకో చిట్టీ. నిన్నెవరూ అడగలేదు. ఇంకో దారుందా, లేదా? అది చెప్పు."

"ఉంది. వాడు తన చేతిమీద నన్ను కూర్చోబెట్టుకుని ఈ గింజ మింగించాడు. మళ్ళీ వాడంతట వాడు చెయ్యి చాపి నన్ను కూర్చోబెట్టుకుంటేనే బయటికొస్తుంది. ప్రాణం వాడి ఒంట్లోకి చేరితే వాడికి భయం తెలుస్తుంది. భయం తెలిసిన నోట ఆ మంత్రాలు పలకవు."

"వాడు చెయ్యెందుకు చాపుతాడు? మెడ విరవడమే సులువు" అన్నాడు మణికేతుడు.

పైడి లేచి నిలబడింది. "మీ అన్నలు వంగలేదని చెప్పి మురిసిపోయావు. నీకు సులువని నేను వంగాలా? నేనూ వంగను."

మణికేతుడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కత్తి ఒరలో పెట్టి ఆ పిల్ల పక్కనే గట్టుమీద కూర్చున్నాడు. పైడి మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. యుద్ధంలో ఏడవనివాడు ఆ బజ్జీ తిని ఏడ్చాడు. పైడికి నవ్వాగలేదు.

రెండో రోజు పైడి అతన్ని మొండిగోడల మధ్యకు తీసుకెళ్ళింది. అక్కడ మూడు రాతి బొమ్మలున్నాయి. మొదటిది పెద్దన్న. రెండోది చిన్నన్న. మూడోది మణికేతుడే. అదే ముక్కు, అదే గడ్డం, మెడ నిటారుగా ఉంది. అతను తన రాతిముఖాన్ని తాకి కూలబడిపోయాడు.

"చూశావా పైడీ! అంతా జరిగిపోయింది. నేను తిరిగి వెళ్తాను, రాయినవుతాను. ఇక చేసేదేముంది?"

పైడి చేతిలోని టీ గ్లాసు అతనికిచ్చింది. "ఎవరికి జరిగిపోయింది? రాయి టీ తాగుతుందా? నువ్వు తాగుతున్నావుగా! రాయి ఏమైనా చెప్పుకోనీ. నేను నీతో వస్తున్నాను."

మూడో రోజు అప్పలస్వామికి సంగతి తెలిసింది. ఆయన చాపచుట్ట చంకన పెట్టుకుని వచ్చేశాడు. "ముప్పై ఏళ్ళుగా ఈ చిలక నాకు అన్నం పెట్టింది. నా కూతురూ వెళ్ళి, చిలకా వెళ్ళి, నేనిక్కడ బస్సులు చూస్తూ కూర్చోవాలా? జరగండి" అని తాబేలు వీపు మీద తనే ముందు కూర్చున్నాడు.

తిరుగుదారిలో నాలుగు సముద్రాలు చల్లగా గడిచాయి. మణికేతుడు నక్షత్రాల పేర్లు చెప్పేవాడు. పైడి తన కాలేజీ కబుర్లు చెప్పేది. అప్పలస్వామి అటు తిరిగి కూర్చునేవాడు. అయిదో సముద్రంలో తుపాను పట్టుకుంది. అవి ఏళ్ళ అలలు, తగిలినచోట వయసు మీద పడుతుంది. మొదటి అల చివర పైడి జడకు తగిలితే ఒక పాయ తెల్లబడింది. రెండో అల వస్తుంటే మణికేతుడు ఆమెకు అడ్డుగా చెయ్యి చాచాడు. ఆ ఎడమచెయ్యి ముంజేతిదాకా ముడతలు పడి ముసలి చెయ్యైపోయింది. మూడో అల వచ్చేలోగా తాబేలు పక్కకు తప్పుకుంది.

పైడి ఆ ముసలి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నొప్పిగా ఉందా?"

"లేదు. ఇది నాకంటే ముందే ముసలిదైపోయింది. పట్టుకోవడానికి నామోషీగా లేదా?"

"అందరికీ ముసలితనంలో దొరికే చెయ్యి నాకు ఇప్పుడే దొరికింది" అంది పైడి. ఆ చెయ్యి ఒడ్డు చేరేదాకా వదల్లేదు.

మేడిగొండ చేరేసరికి గడువు ఆఖరి రోజు. సభ నిండిపోయి ఉంది. మణికేతుడు ఒంటరిగా లోపలికి నడిచాడు. గండకుడు సింహాసనం మీద కాలు మీద కాలేసుకుని అడిగాడు.

"చిలక దొరికిందా? లేదుగా! వంగుతావా?"

"వంగను."

గండకుడు మంత్రం చదివాడు. మణికేతుడి కాళ్ళు మోకాళ్ళదాకా రాయైపోయాయి.

"వంగుతావా?"

"వంగను."

నడుందాకా రాయైపోయింది. రాజుగారు ముఖం కప్పుకున్నాడు.

"ఆఖరిసారి అడుగుతున్నాను. వంగుతావా?"

"నా మెడ ఇంకా నాదే. వంగను."

రాయి భుజాలదాకా పాకింది. సరిగ్గా అప్పుడు జనంలోంచి పంజరం పట్టుకుని పైడి ముందుకొచ్చింది. ఆమె నోరు బస్టాండులో లాగే ఖంగుమంది.

"జోస్యమండీ జోస్యం! చిలక జోస్యం! దొరగారూ, అందరి రాతా మీరే రాస్తున్నారు. మీ రాత ఎప్పుడైనా చూపించుకున్నారా?"

సభంతా ఆమె వైపు తిరిగింది. గండకుడు ఆమెనూ, ఈకలు వెలిసిన చిలకనూ చూసి విరగబడి నవ్వాడు. తన చిలక ఏడు వందల ఏళ్ళ అవతల ఉందనే వాడి ధీమా.

"నా జాతకం చెప్పేవాళ్ళు ఇంకా పుట్టలేదే పిల్లా!"

"నిజమే దొరగారూ, నేనింకా పుట్టలేదు" అంది పైడి.

అది వాడికి అర్థం కాలేదు. కానీ అందరూ తననే చూస్తున్నారు. "సరే, చెప్పించు" అన్నాడు.

చిట్టి బయటికొచ్చి ఒక కార్డు తీసింది. పైడి చదివింది. "మీకు శత్రువులు లేరు." గండకుడు తలూపాడు. చిట్టి రెండో కార్డు తీసింది. "మీకు స్నేహితులూ లేరు." గండకుడి నవ్వు కొంచెం తగ్గింది. చిట్టి మూడో కార్డు ముక్కున పట్టి, మళ్ళీ కింద పడేసింది.

"ఏమైంది?" అన్నాడు గండకుడు ముందుకు వంగి.

"ఆయుష్షు కార్డండీ అది. చెయ్యి మీద వాలితేనే చెబుతుంది. భయమైతే వద్దులెండి. మా ఊళ్ళో పసిపిల్లలు కూడా చెయ్యి చాపుతారు గానీ..." అని పైడి కార్డులు సర్దడం మొదలుపెట్టింది.

"భయమా? నాకా?" గండకుడు చెయ్యి చాపాడు.

చిట్టి ఎగిరి ఆ అరచేతిలో వాలింది. మెడ సాగదీసి, ఒక్క దగ్గు దగ్గింది. జొన్నగింజంత మెరుపు వాడి అరచేతిలో పడి, చర్మంలోకి ఇంకిపోయింది.

గండకుడు గుండె పట్టుకున్నాడు. అది దడదడలాడుతోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత వాడికి సింహాసనం చల్లగా తగిలింది. ఇన్ని వందల కళ్ళు తనను చూస్తుంటే ఒళ్ళంతా చెమట పట్టింది. మంత్రం చదవబోతే నాలుక తడబడింది. మళ్ళీ చదవబోయాడు, మళ్ళీ తడబడింది. మూడోసారి నోటినుంచి ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

రాళ్ళన్నీ పెళపెళమన్నాయి. మణికేతుడు ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దన్న కళ్ళు నులుముకున్నాడు, చిన్నన్న ఆవులించాడు. జనం కర్రలెత్తి గండకుడి మీదికి ఉరికారు. పైడి అడ్డం నిలబడింది.

"వద్దు. నాకు వాణ్ణి చూస్తే జాలి లేదు. కానీ ప్రాణం ఇప్పుడే వచ్చింది, బతకడమంటే ఏమిటో వాడికీ తెలియనివ్వండి."

వాణ్ణి పడవెక్కించి రాజ్యం బయట వదిలేశారు. వాడు అల చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతూ పోయాడట.

రాజుగారు ముగ్గురు కొడుకుల్నీ కావలించుకుని ఏడ్చాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఈ అమ్మాయికి ఏం కావాలన్నా ఇచ్చి వాళ్ళ కాలానికి సాగనంపుదాం. తాబేలుకు ఒక ప్రయాణం మిగిలే ఉందిగా! రాకుమారుడికి మరో రాజ్యం నుంచి సంబంధం చూస్తాను."

"ఆ ప్రయాణంలో నేనూ వెళ్తాను నాన్నగారూ" అన్నాడు మణికేతుడు. "బస్టాండులో బజ్జీలు వేసుకుని బతుకుతాను."

"ఎవరూ ఎక్కడికీ పోవక్కర్లేదు" అంది పైడి. "మహారాజా, పొమ్మంటే పోవడానికి నేను ఏడు వందల ఏళ్ళు దాటి రాలేదు. మీ అబ్బాయంటే నాకిష్టం. ఈ ఊరూ నచ్చింది. ఉండాలనుంది, ఉంటాను. మీకు నన్ను కోడలిగా చేసుకోవడం ఇష్టం లేకపోతే ఊళ్ళో ఇల్లు కట్టుకుని ఉంటాం. కోట మాత్రం రోజూ చూస్తూనే ఉంటుంది మమ్మల్ని."

రాజుగారు ఏదో అనబోయాడు. అంతలో పెద్దకొడుకు నవ్వేశాడు. "నాన్నగారూ, గండకుడి వల్లే కాలేదు. మీవల్ల అవుతుందా?"

రాజుగారికీ నవ్వొచ్చింది. పదోనాడే పెళ్ళి జరిపించారు. అన్నలిద్దరూ సింహాసనం వద్దని, కాళ్ళ తిమ్మిర్లు పోయేదాకా దేశాలు తిరిగొస్తామని గుర్రాలెక్కి వెళ్ళిపోయారు. మణికేతుడూ పైడీ నలభై ఏళ్ళు పక్కపక్కనే కూర్చుని రాజ్యమేలారు. చిట్టి ఇక కార్డులు తీసే పని లేకుండా వాళ్ళ దగ్గరే హాయిగా ఉండిపోయింది. పోట్లాడుకున్న రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో అప్పలస్వామి ఇద్దరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పేవాడు, కూతురిదే తప్పైనా అల్లుడిదే తప్పనేవాడు.

వాళ్ళు ఆ కాలంలో అలా కలకాలం ఉన్నారు. మనం ఈ కాలంలో ఇలా ఉన్నాం. ఇక లేవండి, కాళ్ళూ చేతులూ కడుక్కురండి, అన్నాలు తిందాం.